ఈత పిల్లలకు రోజుకు ఎన్ని మీటర్లు? లెక్క వేసుకునే పద్ధతి

పోటీలకు ఈదే పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు పూల్ గట్టు మీద కలిస్తే మాట ఎక్కువగా ఒక్క దగ్గరే మొదలవుతుంది: "మీవాడు రోజుకి ఎంత కొడుతున్నాడండీ?" అయిదు వేలు అంటే ఎదుటివాళ్ల ముఖంలో గౌరవం, రెండు వేలు అంటే జాలి. ఆ అంకె ఒక్కటే చెబితే ఏమీ తెలియదు. అయిదు వేలలో చివరి పదిహేను వందలు మోచెయ్యి జారిపోయి, నడుము కిందికి దిగిపోయి, ఎలాగో ఒకలాగ గోడ అందుకున్నవైతే, ఆ పిల్లవాడు ఆ పూట సాధన చేసింది మూడున్నర వేలే. మిగతా పదిహేను వందల్లో తప్పుడు స్ట్రోక్‌ను, అంటే చేతులు వేసే తప్పుడు తీరును, ఒంటికి అలవాటు చేసుకున్నాడు.

ఎక్కువ దూరం ఈదిస్తే పిల్లలకు మేలా అన్న ప్రశ్నకు మా జవాబు ఇది: మేలే, స్ట్రోక్ నిలబడినంత మేర మాత్రమే. ఆ మేర ఎక్కడిదాకా ఉందో కొలుచుకోవచ్చు, నెలనెలా కొంచెం ముందుకు జరుపుకోవచ్చు. ఎలాగో కింద చెబుతున్నాం.

ముందు తెలిసిన సంగతులు

భారీ మీటర్ల సంప్రదాయం 1960లు, 70లలో ఆస్ట్రేలియా, అమెరికా కోచ్‌ల దగ్గర బలపడింది. ఆస్ట్రేలియా కోచ్ ఫోర్బ్స్ కార్లైల్ శిష్యురాలు షేన్ గౌల్డ్ ఒక దశలో 100 నుంచి 1,500 మీటర్ల వరకు ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డులన్నీ ఒకేసారి తన పేరిట ఉంచుకుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ల వయసులో మూడు స్వర్ణాలతో కలిపి అయిదు వ్యక్తిగత పతకాలు గెలిచింది. మరుసటి ఏడాదే పోటీ ఈతకు సెలవు చెప్పింది. ఎక్కువ మీటర్లను మెచ్చుకునేవాళ్లు ఈ కథలో మొదటి సగం చెబుతారు, వద్దనేవాళ్లు రెండో సగం చెబుతారు.

పరిశోధనలు ఇంకొంచెం కచ్చితంగా మాట్లాడతాయి. అమెరికాలో డేవిడ్ కాస్టిల్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ ఈతగాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజుకు ఒకసారి గంటన్నర ఈదింది. ఇంకో జట్టు మధ్యలో ఆరు వారాలు రోజుకు రెండుసార్లు ఈదింది. రెట్టింపు ఈదిన జట్టుకు పోటీలో అదనపు లాభమేమీ రాలేదు సరికదా, ఆ ఆరు వారాల్లో స్ప్రింట్ వేగం తగ్గింది. జర్మనీలో 9-11 ఏళ్ల పిల్లల మీద అయిదు వారాల చొప్పున చేసిన మరో అధ్యయనం 2010లో వచ్చింది. అందులో వారానికి సుమారు 12 కిలోమీటర్లు నెమ్మదిగా ఈదడాన్ని, 5.5 కిలోమీటర్లు విరామాలతో వేగంగా ఈదడాన్ని పోల్చారు. ప్రాణవాయువును వాడుకునే సామర్థ్యం రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకేలా పెరిగింది.

అలాగని మీటర్లు దండగ అనుకుంటే పొరపాటు. ఇవన్నీ వారాల లెక్క అధ్యయనాలు. నాలుగైదేళ్లు ఓపిగ్గా ఈదితే నీటి మీద వచ్చే పట్టు, గుండె ఊపిరితిత్తుల బలం వాటిలో కనిపించవు. పైగా 100 మీటర్ల రేసులోనే శక్తిలో సగానికి అటూఇటూ ప్రాణవాయువు ద్వారా వస్తుంది. 200కు ఆ వాటా మూడింట రెండొంతులు దాకా వెళుతుంది. 400, 800, 1,500 ఈదేవాళ్లకు మీటర్లు తప్పనిసరి. కాబట్టి పేచీ మీటర్లతో కాదు, పిల్లవాడి వయసు, రేసు, స్ట్రోక్ చూడకుండా అందరికీ ఒకే అంకె పెట్టడంతో.

మొదటి పని: ఇప్పుడెక్కడున్నాడో కొలవండి

ఒక నోటు పుస్తకం, స్టాప్‌వాచ్ చాలు. పిల్లవాడు బాగా విశ్రాంతి తీసుకున్న రోజు చూసి, వార్మప్ అయ్యాక 400 ఫ్రీస్టైల్ గట్టిగా ఈదించి టైం రాసుకోండి. కనీసం ఇరవై నిమిషాలు తేలిగ్గా ఈదనిచ్చి 200 అలాగే గట్టిగా ఈదించండి. ఒకేరోజు రెండూ భారమనిపిస్తే రెండోది మర్నాడు పెట్టుకోండి. 400 టైంలోంచి 200 టైం తీసేసి సగం చేస్తే, పిల్లవాడు నిలకడగా ఎక్కువసేపు మోయగల 100 మీటర్ల వేగం వస్తుంది. ఉదాహరణకు 400కు 5:40, 200కు 2:40 పట్టాయి. తేడా మూడు నిమిషాలు, సగం చేస్తే 1:30. ఈ పిల్లవాడి నిలకడ వేగం వందకు ఒకటిన్నర నిమిషం. మెయిన్ సెట్, అంటే ఆ పూటలో మళ్లీమళ్లీ ఈదే ముఖ్య భాగం, ఈ వేగం చుట్టూ ఉండాలి. 400 మొదట్లోనే ఊపిరాడకుండా కొట్టి చివర్లో ఈడ్చుకొస్తే లెక్క తప్పుతుంది. అందుకే ప్రతి వందకూ టైం రాసుకోండి. రెండో వందకూ నాలుగో వందకూ తేడా నాలుగు సెకన్లు దాటితే పరీక్ష ఇంకోరోజు మళ్లీ పెట్టండి.

రెండో కొలత స్ట్రోక్‌ల లెక్క. చెయ్యి నీళ్లలో పడ్డ ప్రతిసారీ ఒకటి. 10×100 సెట్‌లో (వంద మీటర్లు పదిసార్లు) మూడో వందలో ఒక ల్యాప్‌కు (పూల్ ఒక పొడవుకు) ఎన్ని పడ్డాయో, తొమ్మిదో వందలో ఎన్ని పడ్డాయో రాయండి. 25 మీటర్లకు ఒక స్ట్రోక్ పెరిగితే ఫరవాలేదు. రెండు పెరిగినా, టైం నిలబడితే ఆ పూటకు హద్దు దగ్గర పడిందని అర్థం. రెండు పెరిగి టైం కూడా పడిపోతే అక్కడితో ఆ సెట్ ఆపేయాలి. బోర్డు మీద ఇంకా మూడు 100లు రాసి ఉన్నా సరే.

లెక్కపెట్టడం కుదరనప్పుడు కంటితో చూడాల్సినవి ఉన్నాయి. అలసిన పిల్లల్లో మొట్టమొదట పాడయ్యేది గోడ దగ్గర. టర్న్ కొట్టాక (గోడ దగ్గర తిరిగి కాళ్లతో తన్నాక) నీళ్లలో జారాల్సిన అయిదు మీటర్లు రెండు మీటర్లకు తగ్గిపోతాయి, పైకి లేచిన మొదటి స్ట్రోక్‌లోనే ఊపిరికి తల తిప్పేస్తారు. ఆ తర్వాత నీళ్లలో మోచెయ్యి కిందికి జారుతుంది, అరచెయ్యి నీటిని వెనక్కి నెట్టకుండా కిందికి నొక్కుతుంది. ఆపైన చెయ్యి తల ముందు మధ్యగీత దాటి అవతలి వైపు పడుతుంది, దాన్ని సరిచేయడానికి కాళ్లు కత్తెరలా విచ్చుకుంటాయి. ఈ మూడో దశ కనిపించాక ఈదించే ప్రతి మీటరూ భుజానికి నష్టమే.

వయసును బట్టి

ఈ కింది అంకెలు మా సూచన, శాసనం కాదు. 8-10 ఏళ్లవారికి వారానికి మూడు పూటలు, పూటకు 1,200 నుంచి 2,000 మీటర్లు. ఇందులో సగం డ్రిల్స్ (స్ట్రోక్‌లో ఒక్కో భాగాన్ని విడిగా సాధన చేయడం), కిక్ (కాళ్లతోనే ఈత), టర్న్‌లు, నాలుగు రకాల ఈతలు నేర్వడానికే పోవాలి. 11-12కి నాలుగైదు పూటలు, 2,500-3,500. 13-14కి అయిదారు పూటలు, 3,000-4,500. పదిహేను దాటాక రేసును బట్టి దారులు చీలతాయి: 50, 100 ఈదేవాళ్లకు పూటకు 3,500-4,500 సరిపోతుంది, 200, 400 వాళ్లు 4,500-5,500కు వెళ్లవచ్చు, 800, 1,500 వాళ్లు ఆపైన.

వయసుకంటే ముందు ఒక మాట అడగాలి: పోటీ ఈత మొదలుపెట్టి ఎన్నేళ్లయింది? పద్నాలుగేళ్లకు మొదలుపెట్టిన పిల్లవాణ్ని తోటి పద్నాలుగేళ్లవాళ్ల లేన్‌లో వేస్తే ఎత్తు కలుస్తుంది, భుజాల ఓర్పు కలవదు. మొదటి ఏడాది 2,000 దగ్గరే మొదలుపెట్టాలి.

ఎత్తు పెరిగే దశ మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఆడపిల్లల్లో సుమారు 11-12 ఏళ్లకు, మగపిల్లల్లో 13-14కు ఇది ముమ్మరంగా ఉంటుంది. మూడు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు రాసుకోండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటితే మీటర్లు పెంచడం ఆపండి, ఉన్నవాటితోనే నడపండి. చేతులు పొడవెక్కుతాయి కానీ వాటిని నడిపే కండరాలు ఇంకా సర్దుకోవు. నిన్నటిదాకా చక్కగా ఉన్న స్ట్రోక్ వారాల్లో గజిబిజి అవుతుంది, టైమింగ్‌లు ఆగిపోతాయి. సరిగ్గా అప్పుడే "బద్ధకించాడు, ఇంకో వెయ్యి వేయండి" అంటారు. ఆ వెయ్యికి బదులు డ్రిల్స్, అండర్‌వాటర్ కిక్ పెంచితే నాలుగైదు నెలల్లో కొత్త చేతులతో కొత్త టైమింగ్ వస్తుంది.

ఒక పూట ఎలా కట్టాలి

పైన చెప్పిన పిల్లవాడినే తీసుకుందాం. పదమూడేళ్లు, 100 ఫ్రీస్టైల్ 1:14, నిలకడ వేగం 1:30. ఇది 3,200 మీటర్ల పూట.

వార్మప్ 600: 300 తేలిగ్గా, నాలుగు 50లు డ్రిల్ ఒకటి ఈత ఒకటి, 100 కిక్.
వేగం 300: 12×25, ఒక్కోటి 18.5 సెకన్లలో, ప్రతిదాని తర్వాత 25 సెకన్ల విరామం.
మెయిన్ సెట్ 1,200: 12×100, ఒక్కోటి 1:30లో, ప్రతి 1:45కు తర్వాతిది బయల్దేరాలి.
కిక్ 400: 8×50, పదిహేను సెకన్ల విరామం.
సొంత స్ట్రోక్ (తన ప్రధాన ఈత రకం) 400: 8×50, 1:05కు బయల్దేరాలి, స్ట్రోక్‌ల లెక్క మారకూడదు.
చివర 300 తేలిగ్గా, సగం బ్యాక్‌స్ట్రోక్.

ఇదంతా గంటా పదిహేను నిమిషాల నుంచి గంటా ఇరవైలో అయిపోతుంది. వేగం సెట్ ముందు ఎందుకంటే, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే రేసు వేగం సరైన స్ట్రోక్‌తో వస్తుంది. 18.5 ఎక్కడిదంటే, 1:14ను నాలుగు భాగాలు చేస్తే వచ్చింది. ఏదైనా 25లో 19.5 దాటితే ఒకటి వదిలేయించి ఊపిరి తీసుకోనివ్వండి. మళ్లీ దాటితే సెట్ అయిపోయినట్టే.

మెయిన్ సెట్‌లో పిల్లలు చేసే పని ఒకటుంది: మొదటి మూడు 100లు ఒక్కోటి 1:24లో కొట్టేసి, ఎనిమిదో వందకు 1:38కి పడిపోతారు. సగటు 1:30 వచ్చింది కదా అని వదిలేయకూడదు. ఈ సెట్ ఉద్దేశం నిలకడ. అన్నీ 1:29-1:31 మధ్య ఉండాలి. పేస్ క్లాక్‌ను (పూల్ గట్టు మీద సెకన్లు చూపే పెద్ద గడియారం) పిల్లలే చదవడం నేర్పండి. పదేళ్ల పిల్ల కూడా వారం రోజుల్లో నేర్చుకుంటుంది, ఆపైన కోచ్ అరవాల్సిన పని తగ్గుతుంది.

వారంలో ఇలాంటి గట్టి పూటలు రెండు, లేదా మూడు. మిగతావి స్ట్రోక్ పనికి, తేలిక ఈతకు. వరసగా రెండు రోజులు గట్టి పూటలు పెట్టకండి.

పెంచడం

ఒక వారానికి పది శాతం లోపే పెంచండి. నాలుగు వారాలకోసారి తగ్గించండి. పన్నెండేళ్ల పిల్ల వారానికి 12,000 ఈదుతుంటే తర్వాత 13,000, 14,000, ఆ తర్వాత వారం అక్కడే నిలిపి, నాలుగో వారం 10,500. ఆ తగ్గించిన వారం చివర్లో 400, 200 పరీక్ష మళ్లీ పెట్టండి. టైం మెరుగుపడితే లేదా అలాగే ఉండి స్ట్రోక్‌లు తగ్గితే ముందుకు వెళ్లండి. టైం పడిపోయిందంటే పెంచిన మీటర్లు ఒంటబట్టలేదు, పాత అంకెకు దిగండి.

ఒక వారంలో ఒకటే మార్చండి. మీటర్లు పెంచిన వారంలోనే విరామాలు కుదించి, ప్యాడిల్స్ (అరచేతులకు కట్టుకునే పలకలు) కూడా తగిలిస్తే, భుజం నొప్పి వచ్చినప్పుడు కారణమేదో ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర ఎక్కువ దెబ్బలు తగిలేది పరీక్షల తర్వాత. మార్చిలో మూడు నాలుగు వారాలు పూల్ ముఖం చూడరు, ఏప్రిల్ చివర సెలవులు రాగానే పొద్దున సాయంత్రం రెండు పూటలు మొదలు. జూలై, ఆగస్టుల్లో జూనియర్ నేషనల్స్ ఉంటాయని తొందర. మే నెలాఖరుకు భుజం పట్టుకుని కూర్చుంటారు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత అంకెలో సగంతో మొదలుపెట్టి ఆరు వారాల్లో మెట్లు ఎక్కండి. పాతది 18,000 అయితే వరసగా 9,000, 11,000, 13,000, 15,000, 16,500, 18,000. ఇక్కడ పది శాతం నియమం సడలించవచ్చు, ఒళ్లు ఒకసారి చూసిన దూరమే కాబట్టి. అంతకంటే మంచిది పరీక్షల్లోనూ వారానికి రెండు పూటలు ముప్పావు గంట చొప్పున వదలకుండా ఉండటం.

25 మీటర్ల పూల్‌లో రోజూ ఈదే పిల్లలు గచ్చిబౌలి లాంటి 50 మీటర్ల పూల్‌కు మారినప్పుడు మీటర్లు అవే ఉంటాయి, భారం మారుతుంది. 25లో ల్యాప్‌కు 17 స్ట్రోక్‌లు పడే పిల్లవాడికి 50లో 40 దాకా పడతాయి, మధ్యలో గోడ తన్ని జారే అవకాశం లేదు కనుక. 4,000 మీటర్లకు 25లో 2,720 స్ట్రోక్‌లు, 50లో 3,200. అంటే దాదాపు 18 శాతం ఎక్కువ. కొత్త పూల్‌లో మొదటి రెండు వారాలు ఆ మేరకు దూరం తగ్గించండి.

భుజం

ఆస్ట్రేలియాలో 13-25 ఏళ్ల అగ్రశ్రేణి ఈతగాళ్లు 80 మందిని పరిశీలిస్తే 91 శాతం మంది భుజం నొప్పి ఉందన్నారు. స్కాన్ తీసినవారిలో మూడింట రెండొంతుల మందికి భుజం పైనున్న టెండాన్ (కండరాన్ని ఎముకకు అతికించే తాడు) దెబ్బతిని ఉంది. వారానికి 15 గంటలు దాటినవారికి ఆ ముప్పు రెండింతలు, 35 కిలోమీటర్లు దాటినవారికి నాలుగింతలు. అందుకే 1,500 ఈదే పదిహేడేళ్ల కుర్రాడికి కూడా 35 కిలోమీటర్లు దాటించే ముందు ఫిజియోకు చూపించమంటాం.

రెండు భుజాలూ సమానంగా పట్టేసినట్టుండి మర్నాటి పొద్దుటికి పోతే అది కండరాల అలసట. ఒకే భుజంలో, ముందువైపు వేలు పెట్టి చూపించగలిగే చోట నొప్పి, చెయ్యి నీళ్లలో పెట్టేటప్పుడు పోటు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ రావడం, వీటిలో ఏది ఉన్నా చేతుల ఈత ఆపాలి. ఆపి కిక్‌బోర్డు ఇస్తారు చాలామంది. చేతులు ముందుకు చాచి బోర్డు మీద బరువు మోపితే అదే భుజం ఇంకా నొక్కుకుపోతుంది. బోర్డు లేకుండా వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని కిక్ కొట్టించండి. మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోతే ఫిజియో దగ్గరికే. నొప్పి బిళ్ల వేసి ఈదించడం మాత్రం వద్దు.

రాకుండా ఉండాలంటే వారానికి మూడుసార్లు పది నిమిషాలు చాలు: రబ్బరు బ్యాండ్‌తో మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం, బ్యాండ్‌ను ఛాతీ దగ్గరికి లాగుతూ వీపు మీది రెక్క ఎముకలు దగ్గరికి తేవడం, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం). మొదటి రెండూ పదిహేనేసి చొప్పున రెండు విడతలు. హ్యాండ్ ప్యాడిల్స్ పదమూడేళ్ల లోపు వద్దు, తర్వాత కూడా అరచేతికంటే కాస్తే పెద్దవి, పూటకు 400 మీటర్లు మించకుండా. ఫ్రీస్టైల్లో రెండువైపులా ఊపిరి తీయడం చిన్నప్పుడే అలవాటు చేయండి.

నిద్ర, తిండి, ఎండ

పొద్దున అయిదింటి పూట కలపాలంటే ముందు నిద్ర లెక్క చూడండి. 6-12 ఏళ్లవారికి 9-12 గంటలు, 13-18 వారికి 8-10 గంటలు కావాలి. ట్యూషన్ నుంచి తొమ్మిదికొచ్చి, తిని, హోంవర్క్ చేసి పదిన్నరకు పడుకునే తొమ్మిదో తరగతి పిల్లను నాలుగున్నరకు లేపితే ఆరు గంటలే. ఆ పూటలో ఈదిన మూడు వేలు ఒంటికి పట్టవు. వారంలో రెండు రోజులు మాత్రమే పొద్దున పెట్టి, ఆ ముందురోజుల్లో ట్యూషన్ లేకుండా చూసుకోండి. వీలు కాకపోతే ఒక పూటే చాలు. పదిహేనేళ్ల లోపు రోజూ రెండు పూటలు మేం సిఫారసు చేయం.

లేవగానే మంచం మీదే పది సెకన్లు నాడి లెక్కపెట్టి ఆరుతో హెచ్చించి రాసుకోమనండి. మామూలుకంటే ఎనిమిది పది ఎక్కువగా మూడు రోజులు వరసగా ఉంటే ఆ వారం మీటర్లు మూడో వంతు తగ్గించండి. దానికి చిరాకు, ఆకలి మందగించడం, మాటిమాటికి జలుబు తోడైతే మూడు నాలుగు రోజులు పూర్తి సెలవు. ఈదే ఆడపిల్లకు నెలసరి మూడు నెలలు రాకపోతే "ఆటల్లో మామూలే" అనుకోవద్దు. తినేది ఖర్చుకు చాలడం లేదన్న సూచన అది, డాక్టర్‌కు చూపించాలి. రక్తహీనత మన పిల్లల్లో ఎక్కువ. కారణం లేకుండా టైమింగ్ పడిపోతే ఇంకో సెట్ వేసే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

పూల్‌కు బయల్దేరే ముందు ఒక అరటిపండు, తిరిగొచ్చిన అరగంటలో నాలుగు ఇడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసు పాలు లేదా రాగి జావ. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, కనిపించదంతే. ఇరవై నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు తాగడానికి లేన్ చివర సీసా ఉండాలి.

పోటీ పూల్ నీళ్లు 25-28 డిగ్రీలుండాలని నియమం. మే నెలలో మన ఆరుబయట పూల్స్ సాయంత్రానికి దాన్ని సులువుగా దాటిపోతాయి. ఒక థర్మామీటర్ కొనండి. 30 దాటితే మెయిన్ సెట్‌లో మూడో వంతు తీసేసి విరామాలు పెంచండి. 32 దాటితే గట్టి సెట్లు మానేసి స్టార్ట్‌లు, టర్న్‌లు చేయించండి. అంత వేడి నీళ్లలో ఒంటి వేడి బయటికి పోదు. తలనొప్పి, వికారం, ముఖం కందిపోవడం మొదలైతే వెంటనే బయటికి తీసి నీడలో కూర్చోబెట్టండి.

పోటీకి ముందు

పన్నెండేళ్ల లోపు వారికి నాలుగైదు రోజులు మీటర్లు తగ్గిస్తే చాలు, 13-14కి వారం, పెద్దవాళ్లకు పది నుంచి పద్నాలుగు రోజులు. దూరం మొదట మూడింట రెండొంతులకు, చివరి మూడు రోజుల్లో సగానికి తీసుకురండి. రేసు వేగంలో కొట్టే 25లు మాత్రం కొన్నైనా ఉండాలి, రోజుకు ఆరు ఎనిమిది. పూటల సంఖ్య తగ్గించకండి. రెండు మూడు రోజులు నీళ్లకు దూరమైతే పిల్లలు నీటి మీద పట్టు పోయిందని కంగారు పడతారు. పోటీ రోజు వార్మప్ 800 నుంచి 1,000, రేసుకు అరగంట ముందు ముగించి, పొడి బట్టలు వేసి, కాళ్లకు సాక్సు తొడిగి కూర్చోబెట్టండి. రేసుకూ రేసుకూ మధ్య 200-300 తేలిగ్గా ఈదనివ్వండి. వార్మప్ పూల్ లేనిచోట పది నిమిషాలు నడిపించండి.